దీనార్లు చదివించిన తీరం

కువైట్‌లో ఉదయం ఆరు గంటలంటే మనకు ఎనిమిదిన్నర. ఆ వేళకు అక్కడ ఒక తెలుగామె తాను పనిచేసే ఇంటి యజమాని, అంటే సేటు పిల్లల్ని నిద్రలేపి, స్నానం చేయించి, యూనిఫాం తొడిగి, టిఫిన్ డబ్బా సర్ది, కారు దాకా వెళ్లి ఎక్కించి వస్తుంది. సరిగ్గా అప్పుడే ఇక్కడ నెల్లూరు తీరంలో, కోట దగ్గరో విడవలూరు దగ్గరో, ఆమె కన్నబిడ్డ కాలేజీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటాడు. అమ్మమ్మ లేచి ఏమన్నా వండి ఉంటే తిని ఉంటాడు, లేకుంటే లేదు. ఆ బస్సు ఫీజు, కాలేజీ ఫీజు, చేతిలో ఉన్న ఫోను, అన్నీ ఆ సేటు ఇంటి జీతంలోంచి వచ్చినవే.

ఒకే ఆడమనిషి రెండు దేశాల్లో రెండు ఇళ్ల పిల్లల్ని చదివిస్తోంది. ఒక ఇంటి పిల్లలకు చాకిరీ చేసి, తన ఇంటి పిల్లలకు డబ్బు పంపి. సేటు పిల్లలు చదివే బడి వెనక ఒక ప్రభుత్వం, ఒక ఖజానా, ఎనభై తొంభై ఏళ్ల పట్టుదల ఉన్నాయి. ఈమె పిల్లల చదువు వెనక ఉన్నది ఈమె ఒక్కతే. చమురు దేశాల యువత ఎలా ఎదిగిందో, ఆ ఎదుగుదలకు చెమటోడ్చిన మన తీరం పిల్లలు ఎక్కడ ఆగిపోయారో పక్కపక్కన పెట్టి చూస్తే మనం చేయాల్సింది చాలా కనిపిస్తుంది.

ముత్యాలు ఏరిన ఊరు

కువైట్ అనగానే మనకు అద్దాల మేడలు, వెడల్పాటి రోడ్లు గుర్తొస్తాయి. వందేళ్ల కిందట అది సముద్రాన్ని నమ్ముకున్న పేద ఊరు. మన ఇసకపల్లి, మైపాడుల కంటే కష్టమైన బతుకు. తాగడానికి మంచినీళ్లు కూడా లేవు. షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో తెచ్చి అమ్మేవాళ్లు. ఆ పడవలు కట్టడానికి కలప మన మలబారు తీరం నుంచి వెళ్లాలి. ఎండాకాలం వస్తే నాలుగు నెలలు మగవాళ్లంతా ముత్యాల వేటకు పోయేవాళ్లు. ముక్కుకు బిగింపు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని, ఊపిరి బిగబట్టి సముద్రం అడుగుకు దిగి ఆల్చిప్పలు ఏరడం పని. వేటకు ముందు పడవ యజమాని దగ్గర బయానా తీసుకోవాలి. వేట ముగిశాక లెక్క చూస్తే చేతికి అప్పే మిగిలేది. తండ్రి తీర్చలేని అప్పు కొడుకు మీద పడేది. దళారి దగ్గర అప్పు చేసి వల కొనుక్కునే మన పట్టపుపాళేల వాళ్లకు ఈ లెక్క ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

1930 ప్రాంతంలో జపాను నుంచి పెంపుడు ముత్యాలు బజారును ముంచెత్తాయి. దానికి తోడు ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. ముత్యాల బేరం కుప్పకూలింది. 1938లో బుర్గాన్ దగ్గర చమురు పడింది కానీ రెండో ప్రపంచ యుద్ధం అడ్డొచ్చింది. చమురుతో మొదటి ఓడ కదిలింది 1946 జూన్ 30న. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు అక్కడ చెలామణి అయింది మన రూపాయే. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమే విడిగా నోట్లు అచ్చువేసింది. 1961లో కువైట్ సొంతంగా దీనారు తెచ్చుకుంది. ఈరోజు ఆ ఒక్క దీనారుకు మన రూపాయలు 270కి పైగా ఇవ్వాలి.

నన్ను అన్నిటికంటే కదిలించే సంగతి చమురుకు ముందే జరిగింది. 1911లోనే కువైట్ వర్తకులు చందాలు వేసుకుని ముబారకియా పాఠశాల పెట్టారు. 1936లో, ముత్యాల బేరం పోయి ఊరు ఊరంతా దిగాలు పడి ఉన్న రోజుల్లో, ఆ వర్తకులు దిగుమతి సుంకం మీద అర శాతం అదనంగా కడతామని ఒప్పుకున్నారు. ఆ డబ్బు చదువుకు కేటాయించారు. విద్యామండలి ఏర్పడింది. పాలస్తీనా నుంచి నలుగురు ఉపాధ్యాయుల్ని పిలిపించారు. మరుసటి ఏడాది ఆడపిల్లలకు బడి తెరిచారు. అప్పటికి ఒక్క పీపా చమురు కూడా అమ్మలేదు. చేతిలో డబ్బు లేనప్పుడు బడి గురించి ఆలోచించిన ఊరు కాబట్టే, డబ్బు వచ్చాక దాన్ని బడి వైపు తిప్పగలిగింది.

ఆ తర్వాత జరిగింది వేగంగా జరిగింది. 1962 రాజ్యాంగంలో చదువును హక్కుగా రాసుకున్నారు. 1965లో నిర్బంధ విద్య చట్టం వచ్చింది. 1966లో 418 మంది విద్యార్థులు, 31 మంది అధ్యాపకులతో కువైట్ విశ్వవిద్యాలయం మొదలైంది. ఈజిప్టు, పాలస్తీనా ఉపాధ్యాయులు వేల సంఖ్యలో వచ్చి పాఠాలు చెప్పారు. చురుకైన పిల్లల్ని ప్రభుత్వ ఖర్చుతో కైరోకు, లండన్‌కు, అమెరికాకు పంపారు. ముత్యాల కోసం ఊపిరి బిగబట్టిన మనిషి మనవరాలు డాక్టరైంది, ఇంజినీరైంది. 2005లో కువైట్ మహిళలు ఓటు హక్కు సాధించారు. 2009 ఎన్నికల్లో నలుగురు మహిళలు పార్లమెంటుకు గెలిచారు. మాసూమా అల్ ముబారక్, రోలా దష్తీ, అసీల్ అల్ అవధీ, సల్వా అల్ జస్సార్. నలుగురూ అమెరికాలో డాక్టరేటు చేసినవాళ్లే.

చుట్టుపక్కల దేశాల కథా ఇంచుమించు ఇదే, కాకపోతే కొన్ని ఆలస్యంగా మొదలుపెట్టాయి. 1970లో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కే నాటికి ఒమాన్ దేశం మొత్తానికి మూడే బడులు. వాటిలో సుమారు 900 మంది మగపిల్లలు. ఆడపిల్లలకు ఒక్క సీటూ లేదు. పదహారేళ్లలో, 1986 నాటికి, ఆ దేశం సొంత విశ్వవిద్యాలయం తెరిచింది. సౌదీలో ఆడపిల్లలకు ప్రభుత్వ బడులు 1960లో మొదలయ్యాయి. అప్పుడు వద్దని అడ్డుపడిన ఊళ్లు కూడా ఉన్నాయి. 2005లో మొదలైన రాజు అబ్దుల్లా స్కాలర్‌షిప్ పథకం లక్షల మంది సౌదీ యువతీయువకుల్ని విదేశీ విశ్వవిద్యాలయాలకు పంపింది. ఖతార్ ఇంకో దారి పట్టింది. పిల్లల్ని పంపడం ఎందుకని విశ్వవిద్యాలయాలనే దోహాకు రప్పించుకుంది. కార్నెల్ వైద్య కళాశాల, టెక్సాస్ ఏ అండ్ ఎం, కార్నెగీ మెలన్, జార్జ్‌టౌన్ ఒక్కొక్కటిగా అక్కడ శాఖలు తెరిచాయి. ఈరోజు గల్ఫ్ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల అబ్బాయిల కంటే అమ్మాయిలే ఎక్కువ.

అంతా బాగుందని నేను అనను. బడులు కట్టి పాఠాలు చెప్పిన పాలస్తీనీయుల్లో అత్యధికులు 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత కువైట్ వదిలి వెళ్లాల్సి వచ్చింది. 2024 మేలో కువైట్ ఎమీర్ పార్లమెంటును రద్దు చేశాడు. చదువు వచ్చింది కదా అని స్వేచ్ఛ దాని వెంట నడిచి రాలేదు. ఇంట్లో పనిమనిషికి వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని చట్టంలో రాసుకోవడానికి ఇంత చదువుకున్న దేశానికి 2015 దాకా పట్టింది. ఇది చెప్పకుండా వాళ్ల ప్రగతిని పొగిడితే మన ఆడవాళ్లకు అన్యాయం చేసినట్టే.

ఇరవై నంబరు వీసా

కువైట్ జనాభా 50 లక్షలకు అటూఇటూగా ఉంటుంది. అందులో కువైటీలు 15 లక్షల చిల్లర. మన దేశం వాళ్లు దాదాపు పది లక్షలు. తెలుగువాళ్లలో ఎక్కువమంది కడప, అన్నమయ్య, చిత్తూరు, నెల్లూరు, గోదావరి జిల్లాల వాళ్లు. ఆడవాళ్లలో చాలామంది వెళ్లేది ఇంటి పనికి. అరబ్బీలో వాళ్లను ఖద్దామా అంటారు. వాళ్లకిచ్చేది ఇరవై నంబరు వీసా. కంపెనీల్లో పని చేసేవాళ్లది పద్దెనిమిది నంబరు. ఈ రెండు అంకెలు మన ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు, ఎందుకంటే ఇంట్లో మాటలన్నీ వాటి చుట్టే తిరుగుతాయి. పద్దెనిమిది అయితే కాస్త గౌరవం, ఇరవై అయితే సేటు మంచివాడైతేనే బతుకు.

మన తీరం ఎందుకు ఖాళీ అయిందో ఒక్క కారణంతో చెప్పలేం. తొంభైల మొదట్లో ఇక్కడ రొయ్యల గుంటలు ఒక వెలుగు వెలిగాయి. టైగర్ రొయ్యకు తెల్లమచ్చల వైరస్ తగిలి గుంటలు ఎండిపోయాయి. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల చెరువులకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2009 తర్వాత వెన్నామి రొయ్య మళ్లీ గుంటలు నింపింది కానీ ఆ పెట్టుబడి చిన్నవాళ్ల చేతిలో లేదు. గూడూరు చుట్టూ అభ్రకం గనులు మందగించాయి. తుపాను వస్తే వరి పోతుంది, వానలు మొహం చాటేస్తే పులికాట్ ఎండుతుంది. మగవాడు తెచ్చేది అప్పు వడ్డీకే చాలదు. అప్పుడు ఇంట్లో ఆడమనిషి పాస్‌పోర్టు తీయించుకుంటుంది. వెనక్కి చూసుకోకుండా విమానం ఎక్కాలంటే ఆమె చెప్పుకునే కారణం ఎప్పుడూ ఒకటే. ‘పిల్లల్ని చదివించుకోవాల.’

వెళ్లినవాళ్లు ఊరికే లేరు. చెవులతో విని, ఆరు నెలల్లో అరబ్బీ మాట్లాడేస్తారు. సేటు పిల్లలు హోంవర్కు చేసుకుంటుంటే పక్కన కూర్చుని అరబ్బీ అంకెలు నేర్చుకున్నవాళ్లున్నారు. వాషింగ్ మెషీన్ మీద రాసింది, మందు సీసా మీద రాసింది గుర్తుపట్టేస్తారు. తెలుగులో మాత్రం తన పేరు కూడబలుక్కుని రాసేవాళ్లే ఎక్కువ. రాయడం రానివాళ్లకు వాట్సాప్ వాయిస్ మెసేజే ఉత్తరం. శుక్రవారం సెలవు దొరికితే కువైట్ నగరంలోని మాలియా దగ్గర మనవాళ్లు గుంపులు గుంపులుగా కలుసుకుంటారు. అక్కడ వాళ్లు చెప్పుకునే కబుర్లలో పిల్లల మార్కులు, సెమిస్టర్లు, సప్లిమెంటరీలు తప్పకుండా ఉంటాయి. బీటెక్ అంటే ఏమిటో తెలియకపోయినా ఎన్ని బ్యాక్‌లాగులు ఉన్నాయో ఆ తల్లులకు తెలుసు.

పదో తరగతి గీత

మన దేశం నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లను రెండుగా విడదీసే గీత పదో తరగతి. 1983 వలస చట్టం ప్రకారం పది పాసు కానివాళ్ల పాస్‌పోర్టు మీద ‘ఈసీఆర్’ అని ముద్ర ఉంటుంది. కువైట్, సౌదీ, ఒమాన్ సహా 18 దేశాలకు వాళ్లు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఒప్పంద పత్రం చూపాలి, బీమా చేయించాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజనలో రెండేళ్లకు 275 రూపాయలు కడితే ప్రమాదంలో చనిపోయినప్పుడు కుటుంబానికి పది లక్షలు వస్తాయి. ఇంటి పనికి వెళ్లే ఈసీఆర్ మహిళకు ముప్పై ఏళ్లు నిండి ఉండాలి. ఆమెను పంపే పని ప్రభుత్వ సంస్థలే చేయాలి. మనకు ఆ సంస్థ ఓమ్‌క్యాప్.

పది పాసైతే ఈ అనుమతి అక్కర్లేదు. చదువుకున్నవాడు తనను తాను చూసుకోగలడని చట్టం నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. పదో తరగతి మెమో చేతిలో ఉన్న వాకాడు కుర్రాడికి అరబ్బీలో, ఇంగ్లీషులో రాసిన ఒప్పందం ఎలా అర్థమవుతుంది? కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని మారాలంటే ఎవరి సంతకం కావాలో, అకామా, అంటే నివాస అనుమతి గడువు దాటితే ఏమవుతుందో ఏ బడిలో చెప్పారు? మరోవైపు పది కూడా చదవని ఆడమనిషిని కాపాడడానికి పెట్టిన నిబంధనలే ఆమెను దొంగదారి పట్టిస్తున్నాయి. ముప్పై నిండలేదా, వయసు మార్చిన కాగితాలు. అనుమతి ఆలస్యమా, దుబాయ్‌కి విజిట్ వీసా, అక్కడి నుంచి ఇంకో దేశం. ఆ దారిలో వెళ్లిన మనిషి లెక్కల్లో ఉండదు. ఆపద వస్తే బీమా లేదు, ఎంబసీ దగ్గర కాగితం లేదు. లైసెన్సున్న ఏజెంటు సేవా రుసుముగా 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోకూడదని నిబంధన ఉంది. ఏ ఏజెంటుకు లైసెన్సు ఉందో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. చూసుకోవడానికి చదవడం రావాలి, అంతే.

కువైట్ చట్టం కూడా కాగితం మీద తక్కువదేం కాదు. 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటి పనిమనిషితో రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. పాస్‌పోర్టు లాక్కోకూడదు. పని మానేసేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం లెక్కన ఇచ్చి పంపాలి. 2016లో కనీస జీతం 60 దీనార్లని పెట్టారు. ఈ హక్కులన్నీ తెలిసి వెళ్లే ఆడమనిషికీ తెలియకుండా వెళ్లే ఆడమనిషికీ సేటు ఇంట్లో ఒకే రకమైన బతుకు ఉండదు. మన ఊళ్లలో ఈ చట్టం గురించి తెలుగులో ఒక పేజీ కాగితం పంచినా ఎందరికో మేలు జరుగుతుంది.

కాలేజీ పేరేమిటి?

కువైట్ డబ్బుకు ఇక్కడ ఇంజినీరింగ్ కాలేజీలు ఎదురొచ్చాయి. ఈ తీరానికి ఇంజినీరింగ్ చదువు కొత్త కాదు. కోట దగ్గర విద్యానగర్‌లో ఎన్‌బీకేఆర్ కాలేజీ 1979 నుంచి ఉంది. అసలు వరద వచ్చింది 2007 తర్వాత, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీల సంఖ్య 700 దాటింది. పేద పిల్లలకు సీటు దొరకడం మంచిదే, ఆ మంచిని నేను కాదనను. రీయింబర్స్‌మెంటుకు అందని హాస్టలు, బస్సు, పుస్తకాల ఖర్చు తల్లి దీనార్లు భరించాయి.

ఆ కుర్రాళ్లలో కొందరు ఇంజినీర్లుగా తల్లి ఉన్న దేశానికే వెళ్లారు. 2018లో కువైట్ ఒక మెలిక పెట్టింది. ఇంజినీరు హోదాతో అకామా పొడిగించుకోవాలంటే కువైట్ ఇంజినీర్ల సొసైటీ నుంచి నిరభ్యంతర పత్రం తేవాలంది. మన దేశపు డిగ్రీల్లో ఎన్‌బీఏ, అంటే జాతీయ అక్రెడిటేషన్ బోర్డు గుర్తింపు ఉన్నవాటినే ఆ సొసైటీ ఒప్పుకుంది. ఏళ్ల తరబడి సైట్లలో పని చేసి అనుభవం సంపాదించిన మనవాళ్లు ‘నీది ఏ కాలేజీ?’ అన్న ఒక్క ప్రశ్న దగ్గర చిక్కుకుపోయారు. కొందరు హోదా తగ్గించుకుని సూపర్‌వైజర్లు, టెక్నీషియన్లుగా రాయించుకున్నారు. మన విదేశాంగ శాఖ కువైట్‌తో మాట్లాడింది. కానీ అసలు లోపం మనవైపే ఉంది. ఏఐసీటీఈ, అంటే అఖిల భారత సాంకేతిక విద్యా మండలి అనుమతి ఉంటే కాలేజీ పెట్టొచ్చు. ఎన్‌బీఏ గుర్తింపు నాణ్యతను పరిశీలించి ఒక్కో కోర్సుకు విడివిడిగా ఇస్తారు. ఈ తేడా కాలేజీ గేటు ముందు ఫీజు కట్టే తల్లిదండ్రులకు ఎవరూ చెప్పలేదు. ఖద్దామాగా పదేళ్లు వంచిన నడుము కొడుక్కి కొనిపెట్టిన డిగ్రీని, ఆ నడుము వంగిన దేశమే తిప్పి పంపింది. నా దృష్టిలో ఈ మొత్తం కథలో ఇంతకు మించిన దుఃఖం లేదు.

ఈలోగా అక్కడి యువత కూడా ఊరుకోలేదు. సౌదీ 2022 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశ పౌరుల్లో 63 శాతం మంది ముప్పై ఏళ్ల లోపువాళ్లు. వాళ్లలో చాలామంది చదువుకున్నారు, వాళ్లకు ఉద్యోగాలు కావాలి. ఒకప్పుడు చదువైతే చాలు ప్రభుత్వ ఉద్యోగం ఖాయం. చమురు ధర పడినప్పుడల్లా ఖజానా చిక్కిపోతుండటంతో ఆ హామీ నిలబెట్టడం కష్టమైంది. 2011లో సౌదీ నితాఖత్ తెచ్చింది. సొంత పౌరులకు ఎన్ని ఉద్యోగాలు ఇచ్చారన్నదాన్ని బట్టి కంపెనీలకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు కేటాయించింది. 2016 సెప్టెంబరు నుంచి సెల్‌ఫోన్ దుకాణాల్లో సౌదీలు తప్ప వేరేవాళ్లు పని చేయకూడదంది. 2017 జూలై నుంచి అక్కడున్న విదేశీయులు తమతో ఉన్న ఒక్కో కుటుంబ సభ్యుడికి నెలకు 100 రియాళ్లు కట్టాలంది, దాన్ని ఏటా పెంచి 400 చేసింది. భార్యాబిడ్డల్ని వెనక్కి పంపేసిన కుటుంబాలు ఎన్నో. 2018 జూన్ 24న సౌదీ మహిళ స్టీరింగ్ పట్టుకుంది. ఆమెకు అది విముక్తి, అందులో సందేహం లేదు. మన ఊరి హౌస్ డ్రైవరుకు మాత్రం అప్పటి నుంచి గిరాకీ తగ్గే దారి పడింది. కువైట్ 2020లో విదేశీయుల వాటాను 70 శాతం నుంచి 30 శాతానికి తగ్గించాలని అంది. 2021లో అరవై ఏళ్లు దాటి డిగ్రీ లేనివాళ్లకు అకామా పొడిగించమని నిబంధన పెట్టి, తర్వాత సడలించి భారీ రుసుము వేసింది.

వాళ్ల పిల్లలకు వాళ్లు ఉద్యోగాలు చూసుకోవడం తప్పని నేను అనను. మనమూ అదే చేయాలి. మనం గమనించాల్సింది తలుపు ఎటువైపు మూసుకుంటోందన్నది. పైనుంచి మూసుకుంటోంది. క్లర్కు, సేల్స్‌మన్, అకౌంటెంటు, మామూలు ఇంజినీరు, ఈ కొలువులు అక్కడి యువతకు కావాలి. వాళ్లకు అక్కర్లేనివి రెండు. పసిబిడ్డల్ని సాకే ఇంటి పని, ఎండలో ఇనుము మోసే పని. మనం చదువు మెరుగుపరచుకోకపోతే మన తర్వాతి తరానికి కూడా తెరిచి ఉండేది ఆ కింది తలుపే. అక్కడ బతుకు ఎలా ఉంటుందో 2024 జూన్ 12న మంగఫ్‌లో కార్మికులుండే భవనం తగలబడినప్పుడు చూశాం. మరణించినవాళ్లలో అత్యధికులు భారతీయులు, వాళ్లలో ముగ్గురు మన రాష్ట్రం వాళ్లు.

కేరళ తీరం కూడా గల్ఫ్ వెళ్లింది. కానీ చదువు సంచిలో పెట్టుకుని వెళ్లింది. వాళ్ల ఆడపిల్లలు నర్సులుగా ఆసుపత్రుల్లో చేరారు. ఆ రాష్ట్రం 1996లోనే ప్రవాసుల కోసం నోర్కా అనే ప్రత్యేక శాఖ పెట్టింది. ఎవరు ఎక్కడికి వెళ్తున్నారు, ఎంత పంపుతున్నారు, ఎలా తిరిగొస్తున్నారు అని తిరువనంతపురంలోని సీడీఎస్ అనే పరిశోధనా సంస్థ 1998లో మొదలుపెట్టిన సర్వేలు వరుసగా సాగుతూనే ఉన్నాయి. మనం మన ఆడవాళ్లను ఊరూరా లెక్కపెట్టి, ఏ కాగితం మీద వెళ్లారో రాసుకునే పని ఇప్పటికైనా మొదలుపెట్టాలి. లెక్కలో లేని మనిషికి పథకం ఎవరు రాస్తారు?

దూబగుంట ఇక్కడే కదా

ఇదంతా మనవల్ల అయ్యే పనేనా అనేవాళ్లకు నెల్లూరు జిల్లా చరిత్రే సమాధానం. తొంభైల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం వచ్చినప్పుడు కూలి పని చేసుకుని వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట లాంతరు వెలుగులో పలకలు పట్టుకున్నారు. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. సారా మీద తిరగబడ్డ ఆడవాళ్ల కథ అది. కలిగిరి దగ్గర దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదివి, మాట్లాడుకుని, 1992లో సారా దుకాణం మీదికి నడిచారు. వాళ్లను ముందుండి నడిపించిన రోసమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. ఊరూరా సారా వేలం పాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. నిషేధం తర్వాత ఏమైందన్నది వేరే కథ. కానీ చదవడం నేర్చుకున్న ఆడవాళ్లు రెండేళ్లలో ఒక ప్రభుత్వం విధానాన్ని మార్చిన ఊళ్లు ఇవే.

ఆ పాఠం రాసినట్టే ఇప్పుడు కువైట్ వెళ్లే ఆడమనిషి కోసం ఒక వాచకం రాయొచ్చు. ఒప్పందంలో జీతం ఎక్కడ రాసి ఉందో, సెలవు ఎక్కడ రాసి ఉందో, వీసా నంబరు ఎలా చూడాలో, ఎంబసీకి ఎలా ఫిర్యాదు చేయాలో, అరబ్బీలో నిత్యం వాడే మాటలు ఏవో. పాస్‌పోర్టు వచ్చి వీసా వచ్చేలోపు దొరికే వారాలు ఆ చదువుకు సరిపోతాయి. డ్వాక్రా సంఘాలున్నాయి, అంగన్‌వాడీలున్నాయి, వెళ్లొచ్చి ఊళ్లోనే ఉన్న ఆడవాళ్లున్నారు. పాఠం చెప్పడానికి వాళ్లను మించిన పంతులమ్మలు దొరకరు.

పిల్లల సంగతికి వస్తే, చమురు ఇప్పుడు మన తీరానికే వస్తోంది. కావలికి ఉత్తరాన రామాయపట్నం దగ్గర బీపీసీఎల్ చమురు శుద్ధి, పెట్రోరసాయనాల కర్మాగారం తలపెట్టింది. ముందస్తు పనులకే 6,100 కోట్ల రూపాయలకు 2024 డిసెంబరులో ఆ సంస్థ బోర్డు ఆమోదం తెలిపింది. కృష్ణపట్నంలో ఓడరేవు 2008 నుంచి నడుస్తోంది. పక్కనే నేలటూరులో థర్మల్ కేంద్రం ఉంది. జువ్వలదిన్నెలో చేపల రేవు కట్టారు. ముత్తుకూరులో మత్స్య కళాశాల 1991 నుంచి ఉంది. శ్రీహరికోట నుంచి 1971లోనే మొదటి రాకెట్టు ఎగిరింది. ఇన్ని పెద్ద సంస్థల మధ్య పెరిగిన పిల్లలు ఖద్దామా వీసా కోసం, డ్రైవరు వీసా కోసం ఏజెంటు ఇంటి ముందు నిలబడటం సహజమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. భూమి తీసుకున్నప్పుడు ఉద్యోగాలు వస్తాయన్న మాట ప్రతి ఊళ్లోనూ వినబడుతుంది. పని మొదలయ్యాక అర్హత లేదన్న మాట వినబడుతుంది. ఆ రెండు మాటల మధ్య ఉండాల్సింది బడి.

ఈరోజు అల్లూరులోనో గుడ్లూరులోనో ఎనిమిదో తరగతి చదివే పిల్ల అయిదారేళ్లలో పది పాసై, మూడేళ్ల డిప్లొమా పూర్తి చేయగలదు. రిఫైనరీ లాంటిది కట్టి నడపడానికి కూడా ఇంచుమించు అంతే కాలం పడుతుంది. వెల్డింగ్, ఇన్‌స్ట్రుమెంటేషన్, పారిశ్రామిక భద్రత, రసాయన సాంకేతికత నేర్పే ఐటీఐ, పాలిటెక్నిక్ సీట్లు ఈ తీర మండలాల్లో ఇప్పుడే తెరవాలి. గోడలు లేచాక తెరిస్తే ఆ సీట్లలోంచి వచ్చే పిల్లలకు పని మిగలదు. ముత్యాల బేరం పోయిన రోజుల్లో కువైట్ వర్తకులు అర శాతం సుంకం చదువుకు ఇచ్చారు. మన తీరం మీద లాభం పొందే పరిశ్రమలు స్థానిక బడులకు, ఐటీఐలకు ఇంత వాటా అని ముందే రాసి ఇవ్వాలని ప్రభుత్వం అడగాలి. ప్రభుత్వం అడగకపోతే మన శాసనసభ్యుల్ని, పంచాయతీల్ని మనం అడగాలి.

ఈ వేసవిలో పిల్లల్ని కాలేజీలో చేర్చబోతున్న తల్లిదండ్రులకు ఒక మాట. అడ్మిషన్ కాగితం మీద సంతకం పెట్టే ముందు, మీ అబ్బాయో అమ్మాయో చేరబోయే కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపు ఉందా అని నోరు తెరిచి అడగండి, కాగితం చూపించమనండి. ఇంట్లో ఎవరైనా గల్ఫ్ వెళ్లబోతుంటే, చదువుకున్న పిల్లలు ఆ ఒప్పందాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, తెలుగులో వాళ్లకు వివరించాకే వాళ్ల చేత సంతకం పెట్టించండి.